పాపతో పాటే వార్డులో చేరాను: కల్తీ కల్లు నుంచి బయటపడిన నా అనుభవం

కల్లు మానేసిన రెండు మూడు రోజులకే నాకు ఫిట్స్ వచ్చాయి. అప్పటికి ఐదు నెలలు నిండి ఆరో నెల పడుతోంది. కడుపులో ఉన్న బిడ్డ బాగుండాలనే మానేశాను. ఉన్నట్టుండి మానేస్తే ఇట్లా అవుతుందని మా ఇంట్లో గానీ, మా వాడకట్టులో గానీ ఎవరికీ తెలియదు. ఇప్పటికీ చాలామందికి తెలియదు. గర్భంతో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే మానేయాలని చూస్తుంటారు. వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2018లో మొదలైన సంగతి.

మాది ఉత్తర తెలంగాణలో బీడీల మీద బతికే ఊరు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ఏ వైపు పోయినా మా ఊళ్లలాంటివే కనిపిస్తాయి. మగవాళ్లు దుబాయ్‌కో మస్కట్‌కో పోతారు, ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. నేను ఇంటర్ చదివాను. పెళ్లయ్యాక అత్తగారింట్లో అందరితో పాటు నేనూ చాట పట్టాను. తునికాకు తడపాలి, కత్తిరించాలి, జర్దా పోసి చుట్టాలి, దారం కట్టాలి. పొద్దుగూకే సరికి మెడ ఒకవైపు, నడుము ఒకవైపు లాగేస్తాయి. వేళ్లు మడత పడవు. సాయంత్రం అత్తమ్మ దుకాణం నుంచి సీసాలు తెచ్చేది. ఒక గ్లాసు తాగితే నొప్పి తెలిసేది కాదు, పడుకోగానే నిద్ర పట్టేది. మా ఆయన దుబాయ్‌లో ఉండగా ఆ నిద్ర నాకు చాలా పెద్ద విషయం.

మా దగ్గర కల్లు తాగడం ఎవరూ తప్పుగా చూడరు. బోనాలకు కావాలి, ఎల్లమ్మ పండుగకు కావాలి, పెళ్లికి కావాలి, చావుకూ కావాలి. వియ్యపురాలు ఇంటికొస్తే ముందు సీసా తెప్పిస్తారు. కాబట్టి నాకు వ్యసనం ఉందని ఎవరైనా అంటే ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ నవ్వి ఉండేవాళ్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో మద్యం తాగే ఆడవాళ్లు 1.3 శాతమైతే, తెలంగాణలో 6.7 శాతం. ఆ లెక్క చూసి బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. మా ఊరివాళ్లెవరికీ ఆశ్చర్యం ఉండదు.

చిక్కంతా కల్లులో కలిపే దానితో వస్తుంది. చెట్టు దించే కల్లు తాగేవాళ్లకు సరిపోదు. అందుకని నీళ్లు కలుపుతారు, తీపికి శాక్రిన్ వేస్తారు, మత్తుకు అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి పోస్తారు. అల్ప్రాజోలం డాక్టరు చీటీ మీద మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మాత్ర. సీసాలో అది ఎంత పడిందో కలిపినవాడికే సరిగ్గా తెలియదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసి దుకాణాలు మూయించినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వందల్లో ఆసుపత్రులకు పరిగెత్తారు. చేతులు వణికేవి, నోటికొచ్చింది మాట్లాడేవారు, ఫిట్స్‌తో పడిపోయేవారు. మా ఊళ్లోనూ జరిగింది. కల్లు దొరక్క పిచ్చి లేచిందని అనుకున్నారే గానీ, మత్తుమందు ఒక్కసారిగా ఆగితే ఒళ్లు అట్లా తిరగబడుతుందని మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

రెండోసారి నెల తప్పాక అంగన్‌వాడీ టీచర్ చెప్పింది, కల్లు కడుపులో బిడ్డకు మంచిది కాదు, మానెయ్యమ్మా అని. ఆమె మంచికే చెప్పింది. నాకూ మానాలనే ఉంది. కానీ ఒక పూట వదిలేస్తే గుండె దడదడలాడేది, చెమటలు పట్టేవి, బీడీ చుట్టబోతే ఆకు చేతిలో నిలిచేది కాదు. ఇట్లా మానడం, మళ్లీ తాగడం అవుతూ ఐదో నెల వచ్చింది. చివరికి నా మొదటి బిడ్డ, పాప మీద ఒట్టేసుకుని పూర్తిగా బంద్ చేశాను. ఆ తర్వాత రాత్రుళ్లు కన్ను మూతపడలేదు. గోడ అవతల ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినపడేది. ఆ మర్నాడు పొయ్యి దగ్గర పడిపోయానట. నాకు గుర్తున్నది 108 బండిలో నోట్లో రక్తం రుచి. నాలుక కొరుక్కున్నాను.

ఆసుపత్రిలో ముందు గుర్రపు వాతం, అంటే బీపీ పెరిగి గర్భిణికి వచ్చే ఫిట్స్ అనుకున్నారు. ఐదో నెల దాటిన గర్భిణికి ఫిట్స్ వస్తే మొదట అదే చూడాలి, అది ప్రాణాల మీదికి తెస్తుంది. బీపీ చూశారు, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేశారు. రెండూ మామూలుగానే ఉన్నాయి. ఏమైనా అలవాట్లున్నాయా అని డాక్టరు అడిగితే అత్తమ్మ లేవనే చెప్పింది. ఆమె అబద్ధమాడలేదు, మా లెక్కలో కల్లు అలవాటు కిందికి రాదు. అప్పుడు మా వైపు నుంచే వచ్చిన ఒక సిస్టర్ నా చేతుల వణుకు చూసి, అత్తమ్మను పక్కకు పిలిచి, "అమ్మా, కోడలు రోజుకు ఎన్ని సీసాలు తాగుతది? ఎప్పుడు బంద్ చేసింది?" అని అడిగింది. అత్తమ్మ వేళ్లు మడిచి లెక్క చెప్పింది. ఆ ఒక్క ప్రశ్నతో నా వైద్యం దారిలో పడింది. ఆ సిస్టర్‌కు నేను ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను.

ఇది చదివేవాళ్లలో నర్సులు, ఆశా కార్యకర్తలు ఉంటే ఒక విన్నపం. గర్భిణిని అలవాట్లున్నాయా అని అడగకండి. కల్లు తాగుతారా, ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు అని సూటిగా, మామూలుగా అడగండి. మేము చెప్తాం.

మర్నాడు సైకియాట్రీ డాక్టరమ్మ వచ్చింది. నేను ముందే ఏడుపు మొదలుపెట్టాను, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపిస్తారేమోనని. మా దగ్గర ఆ పేరెత్తితే పిచ్చి ముద్ర పడినట్టే. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని నిదానంగా చెప్పింది. "మీకు పిచ్చి లేదమ్మా. కల్లులో ఉన్న మందుకు మీ మెదడు అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా ఆపితే మళ్లీ ఫిట్స్ వస్తాయి, బిడ్డకు ఆక్సిజన్ అందదు. బావిలోకి మెట్లు దిగినట్టు దిగాలి, దూకకూడదు." అదే జాతికి చెందిన మాత్రను కొలిచి ఇస్తామని, కొన్ని రోజులకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తామని, కాన్పు నాటికి వీలైనంత కిందికి తేవాలని చెప్పింది. కాన్పు దగ్గర్లో ఆ మందు ఎక్కువ ఉంటే బిడ్డ మెత్తగా, చలనం తక్కువగా పుట్టవచ్చట, పాలు సరిగా చీకలేకపోవచ్చట. అట్లాగని తొందరపడి ఆపినా ప్రమాదమే. ఈ రెండింటి మధ్య నడిపించాలంటే రోజూ చూడాలి కాబట్టి ఇంటి దగ్గర కుదరదు, వార్డులో ఉండాలి అంది.

నేను అడిగిన మొదటి మాట, "మరి నా పాప?"

పాపకు అప్పుడు రెండున్నరేళ్లు. నా మెడ పట్టుకోకపోతే నిద్రపోదు. మా అమ్మ అటెండెంటుగా నాతో ఉంటే ఇంటి దగ్గర పాపను చూసేది అత్తమ్మ ఒక్కతే. ఆ ఇంటికి ఎదురుగానే కల్లు దుకాణం. పాపను నాతోనే ఉంచుకుంటానంటే వార్డులో కొందరు ససేమిరా అన్నారు. ఇది పిల్లలుండే చోటు కాదు, ఇన్ఫెక్షన్లు వస్తాయి, పక్క పేషెంట్లకు ఇబ్బంది అని. అయితే నేను సంతకం పెట్టను, ఇంటికి పోతాను అన్నాను. మొండితనంతో అనలేదు. పాపను వదిలి ఆ వార్డులో ఒక్క రాత్రి గడపడం నావల్ల కాదని నాకు తెలుసు.

అప్పుడే మా తమ్ముడు వేరే దారులూ వెతికాడు. మత్తు మాన్పించే సెంటర్లకు ఫోన్లు చేస్తే ఒకచోట మేం ఆడవాళ్లను చేర్చుకోం అన్నారు. ఇంకోచోట ఆడవాళ్లైతే సరే గానీ కడుపుతో ఉంటే రిస్కు, మావల్ల కాదన్నారు. మరోచోట నెలకు వేలకు వేలు చెప్పి, పిల్లలతో మాత్రం కుదరదన్నారు. డీ-అడిక్షన్ సెంటర్ అంటే మన దగ్గర దాదాపుగా మగవాళ్ల కోసం కట్టినదే. అక్కడ చేరిన మగవాడి పిల్లలను ఇంటి దగ్గర భార్య చూసుకుంటుంది. భార్యే చేరాల్సి వస్తే పిల్లలను ఎవరు చూస్తారన్నది వాళ్లెవరూ ఆలోచించినట్టు లేదు.

మాకు దారి చూపింది ఆ ఆసుపత్రిలోని సోషల్ వర్కర్ మేడం. ఆమె ఒక కాగితం పట్టుకొచ్చి అందరి ముందూ చదివింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. అది అమల్లోకి వచ్చింది 2018 మే 29న, అంటే నేను చేరడానికి కొన్ని నెలల ముందే. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికి వస్తాయి. అందులో 21వ సెక్షన్ ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. తల్లి వల్ల బిడ్డకు హాని ఉందని గానీ, వేరుగా ఉంచడమే బిడ్డకు క్షేమమని గానీ సైకియాట్రిస్టు అనుకుంటే తాత్కాలికంగా వేరు చేయవచ్చు. అప్పుడు కూడా సిబ్బంది గానీ ఇంటివాళ్లు గానీ కనిపెట్టుకుని ఉండగా తల్లి బిడ్డను చూసుకోనివ్వాలి. ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి మళ్లీ పరిశీలించాలి. 30 రోజులు దాటితే సంబంధిత మానసిక ఆరోగ్య అథారిటీ ఆమోదం కావాలి. మేడం చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. మూలన ఒక మంచం జరిపి, గోడ వైపు పాప, ఇటు వైపు నేను పడుకునేలా ఇచ్చారు. కింద చాప మీద అమ్మ.

మొదటి వారం కష్టంగా గడిచింది. సీసాల్లో ఎంత మత్తుమందు పోయిందో తెలియదు కాబట్టి నా వణుకు, నాడి, బీపీ చూసుకుంటూ మాత్రల లెక్క కట్టారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. గైనిక్ డాక్టరు వచ్చి బిడ్డ గుండె చప్పుడు వినిపించేది. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ చేయించారు, అన్నీ బాగున్నాయన్నారు. ఆ మాట విన్నాక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రాత్రులు మాత్రం బాగా పొడవు. ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుండేది. ఫ్యాన్ చప్పుడు కూడా చెవుల్లో గుచ్చుకునేది. లేచి గేటు దాకా పోయి, తాళం చూసి, వెనక్కి వచ్చేదాన్ని. వెనక్కి రావడానికి ఒకే కారణం, మంచం మీద పాప ఉంది. ఆమె లేకపోతే నేను ఆ వారం దాటేదాన్ని కాదు.

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. పాప కూడా నిద్రపోవడం లేదు. ఊరికే గింజుకుంటోంది, అన్నం ముద్ద నోట్లో పెడితే ఊసేస్తోంది. కొత్త చోటని మేము అనుకున్నాం. డాక్టరమ్మ అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి మెల్లగా అడిగింది, పాపకు కూడా కల్లు పట్టేవారా అని. మా దగ్గర ఇది కొత్త కాదు. చాట ముందు కూర్చున్నాక పిల్ల మారాం చేస్తే, పళ్లొచ్చి ఏడిస్తే, చెంచాడు కల్లు పోసి పడుకోబెడతారు. మా అత్తమ్మకు ఆమె అత్తమ్మ అట్లాగే నేర్పింది. డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పిల్లల డాక్టరును పిలిపించింది. ఆయన పాప కళ్లు, ఒళ్లు, బరువు చూసి, మందులేమీ అక్కర్లేదు, కొన్నాళ్లు కనిపెట్టుకుని చూద్దాం, పాలు, గుడ్డు, పప్పన్నం పెట్టండి, రాత్రి ఒకే వేళకు పడుకోబెట్టండి అన్నారు. వారం పది రోజుల్లో కుదుటపడింది. పాపను ఇంట్లో వదిలి నేను ఒక్కదాన్నే చేరి ఉంటే, అక్కడ ఆ చెంచా అట్లాగే నడిచేది. తల్లీబిడ్డలను కలిపి చేర్చుకోవాలని నేను ఇంతగా అడగడానికి ఇదే పెద్ద కారణం. కొన్ని ఇళ్లలో వైద్యం కావాల్సింది తల్లి ఒక్కతికే కాదు.

ఫిట్స్ భయం తగ్గాక, ఇంటికి వెంటనే పంపొద్దని సోషల్ వర్కర్ మేడం హైదరాబాద్ శివార్లలో ఆడవాళ్ల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఇంటికి మాట్లాడింది. అక్కడ చిన్న పిల్లల తల్లులను తీసుకుంటారు. ఆసుపత్రి ఫైలు, స్కాన్ రిపోర్టులు, తల్లీబిడ్డల కార్డు, ఆధార్, పాప బట్టలు మూటగట్టుకుని వెళ్లాం. అమ్మ మమ్మల్ని దింపి వెళ్లిపోయింది. ఆమె బస్సెక్కేటప్పుడు నాకు టెన్షన్‌తో కాళ్లు వణికాయి.

ఆ ఇంట్లో పెద్ద హాలు, రెండు గదులు, వెనక జామచెట్టు. పొద్దున్నే లేవాలి, ప్రార్థన, టిఫిన్, మాత్రలు సిస్టర్ చేతుల మీదుగా, ఆమె ముందే మింగాలి. ఫోన్ ఆదివారం మాత్రమే. వంటకు వంతులుండేవి, నాకు నెలలు ఎక్కువయ్యాక కూరగాయలు తరిగే పని ఇచ్చారు. పదిన్నరకు గ్రూప్. అందరం గుండ్రంగా కూర్చుని మాట్లాడాలి. ఆ వేళకు పిల్లలందరినీ ఆయమ్మ జామచెట్టు కిందికి తీసుకుపోయేది.

ఆ ఆయమ్మ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బయటినుంచి చూస్తే అక్కడ ముఖ్యమైనవాళ్లు డాక్టరు, కౌన్సెలర్ అనిపిస్తుంది. కానీ ఆయమ్మ రాని రోజు గ్రూప్ నడిచేది కాదు. ఒకరి బిడ్డ ఏడుస్తుంటే ఇంకొకరు మనసు విప్పి మాట్లాడలేరు. ఆమె పిల్లలను ఉత్తగా కాపలా కాసేది కాదు. ఎవరి బిడ్డ ఏం తింటుందో, ఎవరు ఉలిక్కిపడి లేస్తారో, ఎవరికి మాటలు ఆలస్యమో ఆమెకు తెలుసు. సాయంత్రం తల్లులకు అప్పజెప్పేటప్పుడు ఒక్కొక్కరికీ చెప్పేది. ఎక్కడైనా ఇట్లాంటి ఇల్లు పెట్టాలనుకుంటే మంచాల కంటే ముందు ఆయమ్మ జీతం సంగతి చూడండని నేనంటాను.

ఒక రోజు గ్రూప్ అయ్యాక బయటికొస్తే పాప ఆడుకుంటోంది. ఖాళీ నీళ్ల బాటిల్ పట్టుకుని, మూతలు వరసగా పెట్టి, ఒక్కో మూతలో మట్టినీళ్లు పోస్తోంది. "ఇది నానమ్మకు, ఇది అమ్మకు, ఇది నాకు" అంటోంది. బాటిల్ వంచే ముందు అచ్చం అత్తమ్మ లాగే మూతి మీద బొటనవేలు పెట్టి ఒకసారి ఊపింది. నేను అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. కౌన్సెలర్ మేడం నా పక్కనే కూర్చుంది. పాపను గదమాయించొద్దంది. పోయి ఆటలో కలవమంది. నేను వెళ్లి పాప పక్కన కూర్చుని, నాకు కల్లు వద్దు, చాయ్ పొయ్యి అన్నాను. పాప కాసేపు నా మొహం చూసి, నీళ్లు పారబోసి, చాయ్ పెట్టడం మొదలుపెట్టింది. తర్వాత రోజూ చాయ్ ఆటే. తల్లులకు పిల్లలతో ఆడటం నేర్పే గంట ఒకటి అక్కడ ఉండేది. మొదట్లో అది దండగ అనిపించేది, బీడీలు చుట్టే చేతులకు ఆటలేంటని. ఆ తర్వాత ఒక్క రోజు మానలేదు.

అక్కడే ఒక అక్క ఉండేది. సారా నుంచి బయటపడటానికి వచ్చింది, ఆమెకూ కడుపే. చంటిబిడ్డను వెంట తెచ్చుకుంది, పెద్ద కొడుకు ఆరేళ్లవాడిని ఊళ్లో చుట్టాలింట్లో పెట్టింది. అక్కడి నియమం ప్రకారం ఆ వయసు మగపిల్లలను ఉంచుకోరు, చట్టమూ మూడేళ్ల దాకానే చెప్తుంది. ఆదివారం ఫోన్‌లో ఆ పిల్లాడు ఏడ్చేవాడు, బడికి పంపట్లేదని, బర్రెల వెంట పంపిస్తున్నారని. మూడు వారాలు గడిచాక ఆమె మూట సర్దుకుంది. ఎంత చెప్పినా ఆగలేదు. ఆగమని గట్టిగా చెప్పడానికి నాకూ నోరు రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. మూడేళ్ల గీత దాటిన బిడ్డ కూడా బిడ్డే. అతనికి దగ్గర్లోని బడిలో సీటు ఇప్పించి, రాత్రికి తల్లి దగ్గర పడుకోనిస్తే ఆమె పూర్తి చేసేదని ఇప్పటికీ నా నమ్మకం.

అత్తమ్మను కూడా కౌన్సెలింగ్‌కు పిలిపించారు. కోడలి గురించి నాలుగు మాటలు చెప్పి పోదామని వచ్చిన మనిషి, మత్తుమందు సంగతి వింటూ వింటూ తన మోకాళ్ల నొప్పులు, తన నిద్ర లేమి చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆమె యాభై ఏళ్లుగా తాగుతోంది. వెళ్లేముందు నా తల మీద చెయ్యి పెట్టి, "పిల్లకు ఇంక పొయ్యను బిడ్డా. నా సంగతి నన్ను అడగకు" అంది. అది చాలు అనుకున్నాను. ఆయనకు దుబాయ్‌కి ఫోన్ చేసి చెప్పింది కూడా కౌన్సెలర్ మేడమే. చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత నాతో, "నెల నెలా పంపుతా. బీడీల లెక్క గురించి ఆలోచించకు" అన్నాడు. గర్భంతో ఉన్నన్నాళ్లూ జర్దా ముట్టొద్దని డాక్టర్లు ముందే చెప్పారు కాబట్టి ఆ మాట నాకు కొండంత ధైర్యం.

తొమ్మిదో నెల పడేసరికి మాత్ర చాలా తగ్గింది. కాన్పుకు మళ్లీ ఆసుపత్రికే వెళ్లాం. ఫైలు మీద అంతా రాసి ఉంది కాబట్టి కొత్తగా ఎవరికీ చెప్పుకోవాల్సిన పని పడలేదు. 2019 మొదట్లో బాబు పుట్టాడు. ఏడుపు బాగానే ఉంది, కానీ పాలు చీకే బలం లేదు. నవజాత శిశువుల వార్డులో పెట్టి వణుకు వస్తోందా, ఏడుపు సన్నగా కీచుగా ఉందా, ఒళ్లు బిగుస్తోందా అని చూశారు. బాబును నా దగ్గర నుంచి తీసేస్తారేమోనని భయపడ్డాను. అట్లా చేయలేదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు. ఆ నర్సమ్మ నా చేతిని పట్టుకుని చూపించింది. గిన్నె ముక్కు పెదవి మూలకు ఆనించాలి, బొట్టు బొట్టుగా పోయాలి, మింగాడా లేదా గొంతు దగ్గర చూడాలి, అప్పుడే ఇంకో బొట్టు. మిగతా వేళంతా నా గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టుకోమన్నారు. కొన్నాళ్లకు రొమ్ము పట్టాడు. డిశ్చార్జ్ నాటికి, అప్పట్లో ప్రభుత్వం బాలింతలకు ఇచ్చే కేసీఆర్ కిట్ చేతికిచ్చారు. అందులోని దోమతెర కింద పడుకున్న తమ్ముడి కాళ్లు లెక్కపెట్టడం పాపకు అప్పట్లో పెద్ద ఆట.

ఇంటికొచ్చాక ఏమీ మారలేదు. దుకాణం ఎదురుగానే ఉంది. సాయంత్రం ఐదయితే నాలుక లాగేది. ఆ వేళకు పిల్లలిద్దరినీ తీసుకుని అమ్మగారింటి వైపు నడిచేదాన్ని. మిగిలిన మాత్ర నెలల మీద పూర్తిగా ఆపారు, ఆపాక కూడా నిద్ర కుదరడానికి చాలా కాలం పట్టింది. బోనాల రోజు ఘటం ఎత్తుకున్నప్పుడు అమ్మవారికి పోసే సాకకు కల్లు బదులు బెల్లం నీళ్లు, వేపాకు పెట్టాను. పెద్దవాళ్లు గొణిగారు. అమ్మవారికి అది కూడా చెల్లుతుందని అత్తమ్మే వాళ్లకు సర్దిచెప్పింది.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. పరీక్షల్లో అల్ప్రాజోలమే బయటపడింది. టీవీలో అది చూసిన రోజు నుంచి మా వాడలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నన్ను అడగడం మొదలైంది, ఎట్లా మానాలి అని. అందరికీ ఒకే మాట చెప్తున్నాను. ఇంట్లో ఉన్నపళంగా ఆపొద్దు, ముందు డాక్టరుకు చెప్పండి. 14446కు ఫోన్ చేస్తే డబ్బు పడదు, మత్తు మానే చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. కడుపుతో ఉంటే మాత్రం ఫోన్‌తో ఆగకుండా ఆసుపత్రికి పోవాలి, ఎన్ని సీసాలో దాచకుండా చెప్పాలి.

మా వెనక ఇంటి కోడలు అట్లాగే వచ్చింది. నాలుగో నెల. ఒకటిన్నరేళ్ల కొడుకు. ఆశా అక్క, నేను కలిసి ఆసుపత్రికి తీసుకుపోయాం. పిల్లాడిని ఇంటికి పంపించండి అనే మాట అక్కడ మళ్లీ వినపడింది. నా సంచిలో 21వ సెక్షన్ జిరాక్స్ ఉంది, సోషల్ వర్కర్ మేడం ఆనాడు ఇచ్చిన కాగితానిదే. డ్యూటీ డాక్టరు అది తీసుకుని చదివాడు, పైవాళ్లకు ఫోన్ చేశాడు, గంట తర్వాత గోడ పక్క మంచం ఇచ్చారు. ఇప్పుడు పగలు వాళ్లమ్మ, రాత్రి నేను అటెండెంటుగా ఉంటున్నాం. నిన్నటి నుంచి ఆమె కాస్త నిద్రపోతోంది. పిల్లాడు ఇంకా కుదుటపడలేదు, రేపు పిల్లల డాక్టరు వచ్చి చూస్తానన్నారు.